ఎగ్జిట్ అంటే బయటికి వెళ్లేది ఎవరు?

ఒడిశాలో ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, స్టేషన్లలో బయటికి దారి చూపే బోర్డుల మీద 'ప్రస్థాన' అన్న మాట కనిపిస్తుంది. ఒడియావాళ్ల నోట అది 'ప్రొస్థానొ'. ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదివే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలకు అక్కడ ఒక చిన్న తికమక ఎదురవుతుంది. మన భాషలో ప్రస్థానమంటే ప్రయాణం, ఒక మనిషి నడిచి వచ్చిన దారి. తలుపు మీద ఆ మాటేమిటి? కిందనే ఇంగ్లీషులో ఎగ్జిట్ అని ఉంటుంది కాబట్టి సంగతి అర్థమైపోతుంది, అక్కడితో ఆ ప్రశ్న వదిలేస్తాం.

కానీ ఎగ్జిట్ అన్న మాట తలుపు దగ్గర ఆగదు. ఎన్నికలప్పుడు ఎగ్జిట్ పోల్ అంటారు. సూరత్ మిల్లులో పని మానేసిన మనిషి పీఎఫ్ ఖాతాలో 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' ఖాళీగా ఉందంటారు. గల్ఫ్ నుంచి వస్తున్నవాడు 'ఫైనల్ ఎగ్జిట్' కొట్టించుకున్నానంటాడు. మ్యూచువల్ ఫండ్ అమ్మబోతే ఎగ్జిట్ లోడ్ పడుతుంది. అన్నిచోట్లా ఒకే మాట, దాని వెనక ఉన్న పని మాత్రం ఎక్కడికక్కడ వేరు. ఈ చిక్కు విప్పాలంటే మాట పుట్టిన చోటికి వెళ్లాలి. పుట్టినప్పుడు అది తలుపు పేరు కాదు, ఒక పూర్తి వాక్యం.

లాటిన్‌లో వాక్యం, ఇంగ్లీషులో పేరు

లాటిన్ భాషలో 'ఎక్స్' అంటే బయటికి. 'ఇట్' అంటే వెళ్తాడు, వెళ్తుంది. రెండూ కలిస్తే ఎక్సిట్: 'బయటికి వెళ్తాడు' లేదా 'బయటికి వెళ్తుంది'. చివర ఉన్న 'ట్' అనే చిన్న ధ్వనే కర్త ఎవరో చెబుతుంది. నేను వెళ్తాను అనడానికి 'ఏఓ', నువ్వు వెళ్తావు అనడానికి 'ఈస్', అతడు వెళ్తాడు అనడానికి 'ఇట్', వాళ్లు వెళ్తారు అనడానికి 'ఎఉంత్'. కాబట్టి ఒక్కరు వెళ్తే ఎక్సిట్, పలువురు వెళ్తే ఎక్సెఉంత్.

ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్లకు వింతగా ఉంటుందేమో గాని తెలుగువాళ్లకు కాదు. 'వెళ్తాడు' అన్నామంటే వెళ్లేది మగమనిషి అని, ఒక్కడే అని, మాట్లాడేవాడూ వినేవాడూ కాని మూడో మనిషి అని ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది. క్రియ చివర కర్తను మోసే అలవాటు మనకూ లాటిన్‌కూ ఉంది. ఇంగ్లీషు ఆ అలవాటును చాలామటుకు పోగొట్టుకుంది. అందుకే లాటిన్ వాక్యం ఇంగ్లీషు చేతికి వచ్చేసరికి లోపలున్న మనిషి కనిపించకుండా పోయాడు.

రంగస్థలం మీద ఒకరికి ఒకటి, పదిమందికి ఇంకొకటి

16వ శతాబ్దపు ఇంగ్లీషు నాటక ప్రతుల్లో రంగసూచనలు తరచూ లాటిన్‌లో ఉండేవి. ఒక పాత్ర తెర వెనక్కి పోవాలంటే ఎగ్జిట్ అని, ఇద్దరూ ముగ్గురూ పోవాలంటే ఎక్సెఉంత్ అని రాసేవాళ్లు. అందరూ పోతే 'ఎక్సెఉంత్ ఓమ్నేస్'. మిగిలినవాళ్లు పోయి ఒకరు నిలబడాలంటే 'మానెత్', అంటే 'ఉండిపోతాడు'. నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవాళ్లు కాదు. అతని మాటలు, వాటి ముందు వచ్చే ఎదుటివారి ఆఖరి ముక్కలు మాత్రమే ఒక కాగితపు చుట్ట మీద రాసి ఇచ్చేవాళ్లు. ఆ చుట్ట పేరు నుంచే 'రోల్' అన్న మాట వచ్చింది. తన చుట్టలో ఎగ్జిట్ అని ఉందంటే వెళ్లాల్సింది తానే. అక్కడ ఆ మాటకు కర్త స్పష్టం.

మన నాటక సంప్రదాయంలో ఇదే పని సంస్కృతం చేసింది. ఒకరు వెళ్తే 'నిష్క్రాంతః', ఇద్దరు వెళ్తే 'నిష్క్రాంతౌ', అంతకు మించితే 'నిష్క్రాంతాః'. అంకం చివర 'ఇతి నిష్క్రాంతాః సర్వే' అని వస్తుంది, అందరూ వెళ్లిపోయారని. లాటిన్ 'ఎక్సెఉంత్ ఓమ్నేస్'కు ఇది అచ్చంగా జోడీ. పైగా సంస్కృతానికి ద్వివచనం ఉంది కనుక లెక్క ఇంకా ఖచ్చితం. పాత తెలుగు నాటకాల్లో కుండలీకరణాల్లో కనిపించే 'నిష్క్రమించును' ఈ దారిలోనే వచ్చింది.

పుట్టుక ఒకటా, రెండా

నామవాచకంగా ఎగ్జిట్ ఎలా పుట్టిందన్న దాని మీద నిఘంటువులు రెండు దారులు చూపుతాయి. మొదటిది రంగస్థలం దారి: సూచనగా రాసిన క్రియ మెల్లగా 'పాత్ర వెళ్లడం' అనే పేరుగా మారి, తర్వాత ఎవరు ఎక్కడి నుంచి వెళ్లినా అదే మాటైంది. రెండోది లాటిన్‌లోనే ఉన్న 'ఎక్సితుస్' అనే నామవాచకం. దానికి బయటికి వెళ్లడం, వెళ్లే దారి, ముగింపు, చావు అనే అర్థాలన్నీ ఉన్నాయి. చదువుకున్న ఇంగ్లీషువాళ్లకు లాటిన్ బాగా వచ్చిన కాలం కాబట్టి ఆ మాట నేరుగా కూడా వచ్చి ఉండొచ్చు.

రెండు వాదనలకూ బలముంది. 'వెళ్లడం' అన్న అర్థంలో వాడుక ముందు నాటక పరిభాషగా కనిపించడం మొదటి వాదనకు ఆసరా. 'బయటికి దారి' అన్న అర్థం రంగసూచనలో లేదు, ఎక్సితుస్‌లో ఉంది. ఇంగ్లీషులో ఆ అర్థం 17వ శతాబ్దం చివర్లో కనబడుతుంది. ఇది రెండో వాదనకు ఆసరా. రెండు వాగులు కలిసి ఒక నది అయ్యాయనుకోవడమే సబబుగా తోస్తుంది: వెళ్లే మనిషి నాటకం నుంచి, వెళ్లే దారి ఎక్సితుస్ నుంచి.

ఇదే లాటిన్ క్రియ ఫ్రెంచి మీదుగా ఇంకో రూపంలోనూ ఇంగ్లీషుకు చేరింది. అదే 'ఇష్యూ'. పత్రిక ఇష్యూ, షేర్ల ఇష్యూ, గొడవకు కారణమైన ఇష్యూ, అన్నిటికీ మూలం 'బయటికి వచ్చినది'. ఎగ్జిట్, ఇష్యూ ఒక తల్లి బిడ్డలే, వేరు వేరు ఊళ్లలో పెరిగాయి.

ఉదయానికీ ఎగ్జిట్‌కూ చుట్టరికం

లాటిన్ 'ఇట్'కు సంస్కృతంలో తోబుట్టువు ఉంది: 'ఏతి', అంటే వెళ్తాడు. బహువచనంలో లాటిన్ 'ఎఉంత్', సంస్కృతం 'యంతి'. ఇవి యాదృచ్ఛికంగా కలిసిన ధ్వనులు కావు. ఇండో-యూరోపియన్ భాషలన్నిటికీ మూలమైన పాత భాషలో 'వెళ్లు' అనే ఒకే ధాతువు నుంచి రెండూ దిగాయి. సంస్కృతంలో ఆ ధాతువు పేరు ఒక్క అక్షరం: 'ఇ'.

ఆ ఒక్క అక్షరం నుంచి వచ్చిన మాటలు తెలుగువాళ్లు పొద్దస్తమానం వాడుతూనే ఉంటారు. ఉత్ + అయం ఉదయం, పైకి వెళ్లడం. వి + అయం వ్యయం, దూరంగా వెళ్లిపోవడం. అప + అయం అపాయం. ఉప + అయం ఉపాయం, దగ్గరికి చేరే దారి. ఉత్తరాయణంలోని అయనం సూర్యుడి నడక. ప్ర + ఇతం ప్రేతం, ముందుకు వెళ్లిపోయినది, అంటే ఈ లోకం విడిచినది. లాటిన్ ఎక్సితుస్‌కు చావు అన్న అర్థం ఉందని పైన చెప్పుకున్నాం. మనిషి చనిపోతే 'పోయాడు' అనడం చాలా భాషల్లో ఒకే మెత్తదనం నుంచి పుట్టినట్టుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే 'ఖర్చు' వస్తుంది. దాని మూలం అరబ్బీలో బయటికి వెళ్లడం అనే అర్థమున్న 'ఖ-ర-జ' ధాతువు. పారశీకం మీదుగా మన దాకా వచ్చింది. వ్యయం, ఖర్చు రెండూ డబ్బు బయటికి పోవడాన్నే చెబుతున్నాయి. ఈ అరబ్బీ ధాతువు గల్ఫ్ సంగతి దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

నిష్క్రమణా, నిర్గమమా, ప్రస్థానమా

ఎగ్జిట్‌కు తెలుగు బోర్డుల మీద ఎక్కువగా కనిపించే మాట 'నిష్క్రమణ'. విడదీసి చూస్తే నిస్ + క్రమణం: బయటికి అడుగు వేయడం. పసిబిడ్డను నాలుగో నెలలో మొదటిసారి గడప దాటించే సంస్కారానికి కూడా నిష్క్రమణమనే పేరు. అడుగు అన్న భావం ఉంది కాబట్టి, అక్షరాలా చూస్తే ఇది ఇంగ్లీషులోని ఇంకో మాట 'ఈగ్రెస్'కు సరిపోతుంది. అందులోని 'గ్రెస్' కూడా అడుగే.

వెళ్లడం అన్న ధాతువుతో కట్టాలంటే 'నిర్గమం' సరిపోతుంది. తెలుగు బైబిల్‌లో ఎక్సోడస్‌ను నిర్గమకాండము అన్నది అందుకే. ఎక్సోడస్ గ్రీకు మాట, బయటికి పోయే బాట అని అర్థం. అలాగే కట్టిన 'నిర్యాణం' మాత్రం తెలుగులో చావుకే మిగిలింది, దాన్ని తలుపు మీద రాయలేం. ప్రస్థానం ఒడియాలో తలుపెక్కింది, తెలుగులో జీవితయాత్ర అయింది. సంస్కృతం నుంచి రెండు భాషలు ఒకే మాట తీసుకుని వేర్వేరు పనులకు పెట్టుకున్నాయి. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు అసలు తికమక తెలియని మాటతో రాదు, తెలుసనుకున్న మాటతోనే వస్తుంది.

'బయటికి దారి' అంటే పోదా అనేవాళ్లున్నారు. ఇంగ్లీషులోనూ ఇదే తేడా ఉంది. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ఈనాటికీ 'వే అవుట్' అనే రాస్తారు, అమెరికాలో ఎగ్జిట్. నిష్క్రమణ ఒకే మాట, బోర్డులో ఇముడుతుంది, ప్రవేశానికి జోడీగా నిలుస్తుంది అన్నది ఒక పక్షం. పొగలో, తొక్కిసలాటలో చదవాల్సిన మాట మూడో తరగతి పిల్లవాడికీ అందాలి అన్నది ఇంకో పక్షం. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పాఠాలు చెబుతూ గిడుగు వెంకట రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన నేల ఇది. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన దాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన వాదనను తలుపు దాకా తీసుకెళ్తే 'బయటికి దారి'కే మొగ్గు.

మనలో ఇల్లు విడిచేటప్పుడు 'వెళ్తాను' అనడం కూడా అపశకునమే. 'ఎల్లొస్తాను' అంటాం. వెళ్లడంలోనే తిరిగి రావడాన్ని కలిపేస్తాం. ఎగ్జిట్‌లో ఆ రెండో సగం లేదు. కింద చెప్పబోయే గొడవల్లో చాలా వాటికి మూలం ఆ లేని సగమే.

ఉచ్చారణ మాట ఒకటి చెప్పి ముందుకెళ్దాం. ఎగ్జిట్, ఎక్సిట్ రెండూ ఇంగ్లీషులో ఒప్పే. ఇంగ్లీషు 'x' అక్షరం తర్వాతి అచ్చు మీద ఒత్తు పడితే సాధారణంగా 'గ్జ్' వస్తుంది: ఎగ్జామ్, ఎగ్జాక్ట్. ఒత్తు ముందే పడితే 'క్స్': ఎక్సర్‌సైజ్, ఎక్సోడస్. ఎగ్జిట్‌లో ఒత్తు మొదటి అచ్చు మీదే పడుతుంది, అయినా 'గ్జ్' పలుకు స్థిరపడింది. కాబట్టి ఎక్సిట్ అన్నవారిని తప్పు పట్టనక్కరలేదు.

ఎగ్జిట్ పోల్: బయటికి వచ్చింది ఓటరు

ఈ జంట మాటలో వెళ్లేది ప్రభుత్వం అనుకునేవాళ్లు కనిపిస్తారు. బయటికి వచ్చేది ఓటరు, బూత్ నుంచి. ఓటు వేసి బయటికి వస్తున్నవారిని అక్కడికక్కడే అడగడం దీని ప్రత్యేకత. ఓటింగుకు ముందు అడిగితే అది ఒపీనియన్ పోల్, కొన్ని రోజులాగి ఇంటికెళ్లి అడిగితే పోస్ట్ పోల్. ఈ పద్ధతి 1967లో నెదర్లాండ్స్‌లోనూ అమెరికాలోనూ మొదలైంది.

మన దేశంలో ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ ప్రకారం పోలింగ్ మొదలైనప్పటి నుంచి, అన్ని దశలూ ముగిసిన అరగంట వరకు ఎగ్జిట్ పోల్ జరపకూడదు, ఫలితాలు చెప్పకూడదు. మీరితే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024లో దీన్ని సరిహద్దు మీద నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది. మే 13న ఇటు బరంపురం, అటు ఇచ్ఛాపురం ఒకే రోజు ఓటేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నిక ఆ రోజుతో అయిపోయింది. ఒడిశాలో మరో మూడు దశలు మిగిలాయి, దేశంలో ఆఖరి దశ జూన్ 1న. నిషేధం దేశమంతటికీ ఒకటే కాబట్టి ఇచ్ఛాపురం ఓటరు కూడా అంచనాల కోసం జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా, అంటే 19 రోజులు ఆగాల్సి వచ్చింది.

ఈ నిషేధం అవసరమని చెప్పేవారి వాదన: ముందు ఓటేసినవారి మాట తర్వాత ఓటేసేవారి మీద పడకూడదు. కూడదనేవారి వాదన: తెలుసుకునే హక్కు ఓటరుదే, నిషేధం ఉన్నా పుకార్లు ఆగవు, నమ్మదగ్గ లెక్క మాత్రమే ఆగిపోతుంది. అంచనాలు తప్పడానికి కారణం లెక్క కట్టే తీరు ఒక్కటే కాదు. బూత్ బయట అడిగే మనిషికి ఒడియా మాత్రమే వచ్చి, ఎదుట ఉన్న పెద్దావిడకు తెలుగో సవరో మాత్రమే వస్తే ఆమె జవాబు చెప్పకుండా నడిచిపోతుంది. లెక్కలో ఆమె ఉండదు. అలాంటివారు ఒకే తీరుగా ఓటేసి ఉంటే అంచనా అంతమేరకు పక్కకు ఒరుగుతుంది.

గల్ఫ్ కాగితం మీద ఎగ్జిట్: తిరిగి రావచ్చా, లేదా

మాటలోని లేని సగం అన్నిటికన్నా ఖరీదయ్యే చోటు ఇది. సౌదీ అరేబియాలో పనిచేసేవారికి దేశం దాటడానికి రెండు రకాల అనుమతులున్నాయి. ఒకటి 'ఎగ్జిట్ రీ-ఎంట్రీ', అరబ్బీలో 'ఖురూజ్ వ ఔదా': వెళ్లడం, తిరిగి రావడం. రెండోది 'ఫైనల్ ఎగ్జిట్', 'ఖురూజ్ నిహాయీ': ఆఖరి వెళ్లడం. ఖర్చు అన్న మాటకు మూలమైన ధాతువే ఈ ఖురూజ్‌లోనూ ఉంది. 'ఖరజ' అంటే 'అతడు బయటికి వెళ్లాడు'. అరబ్బీ కూడా లాటిన్‌లాగే ఒక్క మాటలో కర్తను దాచుకుంది.

గంజాం జిల్లా చికిటి పక్క పల్లె నుంచి వెళ్లిన వెల్డర్ ఒకరు చెల్లెలి పెళ్లికి రెండు నెలలు రావాలనుకున్నాడనుకుందాం. అతనికి కావలసింది మొదటిది. దానిలో తిరిగి వచ్చే గడువు ఉంటుంది, ఇకామా, అంటే అక్కడ నివాసానికి ఇచ్చే అనుమతి, బతికే ఉంటుంది. పొరపాటునో తొందరలోనో రెండోది జారీ అయి అతను విమానం ఎక్కితే ఇకామా అక్కడితో రద్దు. మళ్లీ వెళ్లాలంటే కొత్త పని, కొత్త వీసా, కొత్త వైద్య పరీక్షలు, మళ్లీ ఏజెంటు ఖర్చు. ఫైనల్ ఎగ్జిట్ జారీ అయ్యాక దేశం విడవడానికి 60 రోజులుంటాయి. పొరపాటు పట్టుకుంటే వెళ్లకముందే పట్టుకోవాలి, విమానం దిగాక కాదు. నోటిమాటగా 'ఎగ్జిట్ వేశారన్నా' అంటే ఈ రెంటిలో ఏదో తెలియదు. తెలిసేది వెనక వచ్చే మాటతోనే.

2021 మార్చి 14 నుంచి అక్కడి ప్రైవేటు సంస్థల కార్మికులు యజమాని సమ్మతి లేకుండా ఈ రెంటికీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోగలుగుతున్నారు. ఇళ్లలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు ఆ మార్పు వర్తించలేదు. ఇంకో మాట చెవికి దగ్గరగా ఉండి మోసం చేస్తుంది: 'హురూబ్'. అది పారిపోవడం. పనిలోకి రావడం మానేశాడని యజమాని ఫిర్యాదు చేస్తే పడే ముద్ర. ఖురూజ్ అయితే చట్టప్రకారం వెళ్లడం, హురూబ్ అయితే నేరం.

పీఎఫ్‌లో తేదీ, ఫండ్‌లో కోత

పీఎఫ్‌లో ఎగ్జిట్ ఒక తేదీ. పని మానేసింది మనిషే, కానీ ఖాతాకు ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండాలి. పూర్వం యజమాని మాత్రమే రాయగలిగేవాడు. 2020 జనవరి నుంచి సభ్యుడే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో నమోదు చేయవచ్చు. చివరి చందా పడ్డాక రెండు నెలలు గడవాలి, వేసే తేదీ చివరి చందా పడిన నెలలోనే ఉండాలి. గంజాం జిల్లా ఆస్కా నుంచి వెళ్లిన మనిషి మార్చి జీతం తీసుకుని ఏప్రిల్‌లో ఇల్లు చేరి, ఏప్రిల్ తేదీ వేయబోతే పోర్టల్ ఒప్పుకోదు. అతని లెక్కలో ఎగ్జిట్ అంటే రైలెక్కిన రోజు, పీఎఫ్ లెక్కలో చందా ఆగిన నెల. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ కొత్త కంపెనీలో చేరిన తేదీ తర్వాతకు పడితే ఒకే మనిషి రెండు చోట్ల పనిచేసినట్టు కనిపించి, డబ్బు బదిలీ చిక్కుల్లో పడవచ్చు.

మ్యూచువల్ ఫండ్‌లో ఎగ్జిట్ లోడ్‌ను చాలామంది లాభం మీద పన్ను అనుకుంటారు. అది పన్ను కాదు, లాభంతో పనీ లేదు. గడువుకు ముందే యూనిట్లు అమ్మితే అమ్మిన విలువలో పడే కోత. ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు అమ్మితే 1 శాతం అన్నది తరచూ కనిపించే నిబంధన. లక్ష రూపాయలతో యూనిట్ 40 చొప్పున 2,500 యూనిట్లు కొన్నారనుకోండి. ఎనిమిది నెలలకు ధర 38కి పడింది. అమ్మితే విలువ 95,000. దానిలో 1 శాతం, 950 పోయి చేతికి 94,050 వస్తుంది. నష్టంలో ఉన్నా కోత తప్పలేదు. ఆ 950 ఆ ఫండ్‌లోనే ఉండిపోయిన మిగతా మదుపరులకు చెందుతుంది, వెళ్లేవాడి ఖర్చు ఉండేవాళ్ల మీద పడకూడదని. నెలనెలా సిప్ కట్టేవారికి ప్రతి వాయిదాకూ ఏడాది విడిగా లెక్కిస్తారు. మొదటి వాయిదాకు ఏడాది నిండింది కదా అని మొత్తం అమ్మితే తర్వాతి వాటి మీద కోత పడుతుంది.

తలుపు ఒకటే కాదు, దారిలో మూడు ముక్కలు

చివరికి మళ్లీ తలుపు దగ్గరికి. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి బయటికి వెళ్లే దారిని మూడు ముక్కలుగా చూస్తుంది: ఎగ్జిట్ దాకా చేర్చే దారి, ఎగ్జిట్, ఎగ్జిట్ నుంచి వీధిలోకి విడిచే దారి. రెండంతస్తుల కల్యాణ మండపం తీసుకుంటే, భోజనాల హాల్లో కుర్చీ నుంచి మెట్ల తలుపు దాకా మొదటిది. మంట, పొగ చొరబడకుండా గోడలు కట్టిన మెట్లు రెండోది. మెట్ల కింది నుంచి రోడ్డు దాకా మూడోది. బోర్డు పెట్టాం కాబట్టి ఎగ్జిట్ ఉందనుకోవడం సరిపోదు. హాల్లో కుర్చీలు దొంతర్లుగా పేరిస్తే మొదటి ముక్క తెగుతుంది. మెట్ల తలుపు లోపలికి తెరుచుకునేదైతే వెనక నుంచి తోసే జనం ఒత్తిడికి దాన్ని లాగలేరు, రెండో ముక్క తెగుతుంది. అందుకే బయటికి తెరుచుకోవాలన్న నియమం. మెట్ల కింద వంటవాళ్లు గ్యాస్ సిలిండర్లు, గిన్నెలు దించితే మూడోది తెగుతుంది. ఏ ఒక్కటి తెగినా మిగతా రెండూ ఉండీ లేనట్టే.

ఇలాంటి తలుపుల మీద ఇప్పుడు అక్షరాల పక్కన ఆకుపచ్చ బొమ్మ ఒకటి పెడుతున్నారు. జపాన్ రూపకర్త యుకియో ఓటా దిద్దగా 1980ల్లో అంతర్జాతీయ ప్రమాణాల్లోకి ఎక్కిన బొమ్మ అది. ఒడియా, తెలుగు, సవర, ఇంగ్లీషు ఏదీ చదవలేనివారికి కూడా అందుతుంది. అందులో తలుపు ఉంది, తలుపులోంచి పరుగెత్తుతున్న మనిషి ఉన్నాడు. ఒక్కడే, మూడో మనిషి, బయటికి వెళ్తున్నాడు. లాటిన్‌లో ఎక్సిట్ అంటే సరిగ్గా అదే.